రేకు బకెట్‌లో కడిగిన ఆకులు

మా పెళ్లయి నలభై రెండు రోజులు. కొత్త దంపతులు ఎక్కడెక్కడికో షికార్లు వెళతారు. మేమిద్దరం టమాటా తోటలో ఆకులు కోస్తున్నాం. మావారి చొక్కా నిండా పచ్చటి మరకలు, ఘాటైన ఆకు వాసన. నాకెంత బాగుందో!

ఈ కోత సరదాకి కాదు. మామగారు తోటని రెండు చెక్కలు చేశారు. ఒకదాంట్లో ఎప్పట్లాగే బస్తా ఎరువులు వేశారు. పశువుల ఎరువు, కంపోస్టు తప్ప మరేదీ వేయనన్న మావారికి రెండోది అప్పగించారు.

"నీ మొక్కలు పాలిపోయి ఉన్నాయిరా. వాటికి తిండి సరిగ్గా అందుతోందని రుజువు చూపించు. లేదంటే వచ్చే నాటుకి అక్కడా బస్తాలే," అన్నారు.

రుజువు చూపించే పని నాది. నేను చదివింది మట్టి శాస్త్రం. ఆకుల్ని పరీక్షిస్తే మొక్కకి ఏ పోషకం ఎంత అందిందో తేలుతుంది. కాలేజీలో మా మేడమ్ ల్యాబ్ తలుపు నాకింకా తెరిచే ఉంది.

పైనుంచి ఐదో ఆకు, కాడతో సహా, చెక్కకి ముప్పై చొప్పున కోశాం. వాటిని ముందు మామూలు నీళ్లలో, తర్వాత కాస్త ఆమ్లం కలిపిన నీళ్లలో, చివర డిస్టిల్డ్ వాటర్‌లో కడగాలి. మామగారి ఆకులు ప్లాస్టిక్ టబ్‌లో నేను కడిగాను. మావారు చేతికందిన బకెట్‌లో తన ఆకులు కడుక్కున్నారు. నవ్వుల్లో పడి అది ఏ బకెటో నేను చూడనేలేదు.

వారానికి రిపోర్టు వచ్చింది, ముందుగా జింకు వరకే; మొక్కలు పాలిపోయింది దాని లోటు వల్లేనని మామగారి అనుమానం. మావారి ఆకుల్లో జింకు మూడింతలు! మామగారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"సరే, ఒప్పుకున్నా. ఆ చెక్క నీదేరా."

మావారు అందరి ముందే నన్నెత్తి గిరగిరా తిప్పేశారు.

"నడుం జాగ్రత్త! దానిది కాదు, నీదే," అన్నారు అత్తగారు.

మర్నాడు పొద్దున్నే ఇల్లు తుడుద్దామని పెరట్లోని రేకు బకెట్ తీశాను. లోపల సగం ఎత్తులో గీత గీసినట్టుంది. పైన మెరుపు, కింద మసక. ఆ గీతని వేలితో తడిమి చూశాను. ఈ బకెట్లకి వేసే పూత జింకే.

"ఏవండీ, ఆకులు ఆమ్లంలో కడిగింది దీంట్లోనా?"

"అవును. ఏం, చిల్లు పడిందా?"

"పూత కరిగి మీ ఆకులకి పట్టింది. ఆ మూడింతలూ దీనివే."

ఆయన అరుగు మీద కూలబడ్డారు. "నాన్న ఒప్పేసుకున్నారుగా. ఇప్పుడు కెలకడం దేనికి? ఊరుకో బంగారం."

"బంగారం ఆ ఆమ్లానికి కరగదండీ. పదండి."

మామగారు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నారు. బకెట్ ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన లోపలికి తొంగిచూశారు.

"అంటే మావాడు పండించింది బకెట్లన్నమాట. సరే, నిన్నటి మాట వెనక్కి తీసుకుంటున్నా."

"తీసుకోండి మావయ్యగారూ. కానీ నాకు పది రోజులివ్వండి. ఈసారి ఆకులు మీరే కోయండి, మీరే కడగండి."

"చూశావుటే, కోడలుపిల్ల నాకే పని పురమాయిస్తోంది!"

"ఎవరో ఒకరు చెప్పాలిగా మీకు," అన్నారు లోపల్నుంచి అత్తగారు.

ఆయన తోటకి వచ్చారు. ప్రతి మొక్క దగ్గరా వేలు పెట్టి ఐదో ఆకు లెక్కపెట్టారు. అన్నీ ప్లాస్టిక్ టబ్‌లోనే కడిగారు. మావారిని చుట్టుపక్కలకి రానిస్తే ఒట్టు!

ఈసారి అన్ని పోషకాలూ కొలిపించాను. రెండో రిపోర్టు నేనే చదివాను, చేదు మాటే ముందు.

"మా చెక్కలో నత్రజని తక్కువ. పాలిపోయాయని మీరన్నది నిజమే. జింకు, పొటాష్ రెండు చెక్కల్లోనూ సమానం. కాల్షియం మావాటిలో కాస్త ఎక్కువ."

"లోటు నత్రజని ఒక్కటేనా?"

"ఒక్కటే."

మామగారు గడ్డం గోక్కున్నారు.

"దానికి బస్తాలెందుకు? ఈ పంటయ్యాక జనుము చల్లి, పూతకొచ్చేసరికి దున్నేయండి. ఆ పచ్చిరొట్ట మట్టిలో కుళ్లితే నత్రజని అదే అందుతుంది. మా నాన్న చేసేవాడు. నేనే బద్ధకించి మానేశా."

"అంటే చెక్క నాకేనా?" మావారు లేచి నిలబడ్డారు.

"ఇంకో పంట వరకు. అప్పుడూ కొలవాలి. ఆకులు అప్పుడూ నేనే కోస్తా."

పంటయ్యాక జనుము చల్లాం. నాకు చల్లడం చేతకాదు, ఒక్కచోటే గుప్పెడు గింజలు పడ్డాయి.

"అక్కడ అడవే మొలుస్తుంది," అన్నారు మావారు.

"మొలవనివ్వండి. దున్నేది మనమేగా," అని ఇంకో గుప్పెడు తీసుకున్నాను.