పదహారు రెట్ల దగ్గర తడి

పొద్దున్న తొమ్మిదిన్నరకి నీటి సరఫరా ఆఫీసు మ్యాపుల గదిలో అడుగుపెట్టగానే ఆవిడ చేసే మొదటి పని, బల్ల కింది నుంచి స్టీలు బేసిన్ తీసి కంప్యూటర్ తెర ముందు పెట్టుకోవడం. రెండోది కుర్చీ మీద తువ్వాలు వేసుకోవడం. ఆ తర్వాతే కంప్యూటర్ ఆన్ చేసేది.

ఊళ్ళో నేల కింద పోయే గొట్టాలన్నీ ఇరవై మూడేళ్ళుగా ఆవిడ గీసినవే. మొదట్లో సిరాతో కాగితం మీద, తర్వాత కంప్యూటర్లో. ఆరేళ్ళ క్రితం చూపు మధ్యలో మసక మొదలై, ఎదుటి మనిషి చెవులు కనిపిస్తూ ముక్కు మాయమయ్యే దాకా వచ్చింది. "పోనీలెండి, మన ఆఫీసులో చూడదగ్గ ముక్కు ఒక్కటీ లేదు" అని అందరినీ నవ్వించి, కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి చేత తెరని పెద్దది చేసి చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టించుకుంది. నల్లటి తెర మీద పసుప్పచ్చ గీతలు, అరచేయంత ఎర్రటి బాణం. రెండు రెట్లకి వీధులు, ఎనిమిది రెట్లకి ఇళ్ళు. పదహారు రెట్లు చేస్తే గొట్టం మణికట్టంత లావున కనిపించేది. అది నేలలో ఎక్కడ కారుతుంటే, తెర మీద సరిగ్గా అక్కడి నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా బేసిన్లో పడేవి.

ఇందులో వింతేముందన్నట్టు ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు. ఊడ్చే ఆవిడ మాత్రం సణిగేది. "నిన్న అర బేసిన్ కూడా రాలేదమ్మా, నా పూలకుండీలకి ఏ మూలకి? ఇవాళ కాస్త గట్టిగా వెతకండి." ఫిట్టర్ బాబాయ్ గడప దగ్గరే నిలబడి "అమ్మాయ్, ఇవాళ ఎక్కడ తడి?" అని అడిగేవాడు. చెప్పిన చోట తవ్వితే పగిలిన గొట్టం ఉండేది.

కొత్తగా వచ్చిన ఆఫీసరు కుర్రవాడు, మెత్తనివాడు. ఆయనకి బేసిన్‌తో పేచీ లేదు. పేచీ అంతా కంటి పరీక్ష కాగితంతోనే. మ్యాపుల గదిలో పనిచేసేవాళ్ళకి మ్యాపు మొత్తం ఒక్క చూపులో కనబడాలని రూలు.

"నాకూ బాధగానే ఉంది మేడమ్. సోమవారం నుంచి ఫోన్ల సెక్షన్‌కి వెళ్ళండి. అక్కడ చెవులుంటే చాలు."

"మొత్తం చూసి ఏం చేస్తాం సార్? కారేది ఒక్క చోటే కదా."

ఆయన రూలున్న పేజీ తీసి, ఆవిడకి పైకి చదివి వినిపించాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ పదహారు రెట్లు పెట్టుకుని, తన గీతల్ని ఒక్కొక్కటే చివరిసారిగా చూసుకుంటోంది. ఏ మలుపు ఏ ఏడు గీసిందో అన్నీ గుర్తే. కళ్ళు చెమర్చాయి, మౌస్ మీద చేయి జారింది. తెరని పెద్దది చేసుకుని చూసేవాళ్ళకి ఈ తిప్పలు మామూలే, చేయి బెత్తెడు జరిగితే నాలుగు వీధులు దాటిపోతారు. గీత మాయమైంది. ఎటు చూసినా నలుపే. ఒక్క మీట నొక్కితే మళ్ళీ ఊరంతా కనబడేది గానీ, ఎలాగూ వెళ్ళిపోయేదాన్ని, దారి తప్పితే తప్పానులే అని ఉక్రోషం కొద్దీ ఆ చీకట్లోనే తిరిగింది.

మణికట్టు మీద చల్లగా ఓ బొట్టు పడింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే ధార కట్టి, బేసిన్ సగానికి వచ్చింది.

ఎనిమిది రెట్లకి తగ్గించి చూసింది. అది పక్క వీధిలోని పసిపిల్లల బడి, పిల్లల్ని పడుకోబెట్టే గది. గడియారం ఒంటిగంటన్నర కొట్టింది. పిల్లలు నిద్రపోయే వేళ. ఆవిడ ఆఫీసర్ని కేకేసింది.

ఆఫీసరు వచ్చి తెర చూశాడు, బేసిన్లో వేలు ముంచి చూశాడు. "నీళ్ళు నిజమే మేడమ్. కానీ ఇక్కడ గొట్టం లేదే. గొట్టం లేని చోట తవ్వమని సంతకం పెడితే నన్ను ఇంటికి పంపిస్తారు."

"అమ్మాయి తడి అంటే తడే" అన్నాడు ఫిట్టర్ బాబాయ్, గునపం భుజాన వేసుకుని.

"నేను కాదన్నానా? మ్యాపులో గొట్టం చూపించండి, చాలు."

ఇరవై మూడేళ్ళలో ఆవిడ లేని గొట్టం ఒక్కటీ గీయలేదు. ఇప్పుడు గీసి, అక్కడ ఏమీ లేకపోతే ఫోన్ల సెక్షన్ కూడా మిగలదు. నీళ్ళు పడుతున్న చోటు మీద ఎడమచేతి వేలు పెట్టుకుని, ఆ చీకటికి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకి పసుప్పచ్చ గీత గీసింది. గీత పక్కన తన పేరు రాసింది.

"ఇదిగోండి సార్, గొట్టం."

ఆఫీసరు గీతనీ, ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. కలం తీసి సంతకం పెట్టాడు.

ముందు పిల్లల్ని బయటికి తెచ్చారు. పందొమ్మిది మందినీ నిద్ర చెడకుండా దుప్పట్లతో సహా ఎత్తుకొచ్చారు. ఆఫీసరు భుజం మీద ఒకడు చొంగ కార్చాడు. ఆ తర్వాత బాబాయ్ ఒక్క గచ్చు పలక లేపి గునపం దింపితే, అది పిడికిలి దాకా దిగిపోయి చేయి వదిలించుకుంది. కాసేపటికి గానీ కింద నీళ్ళలో పడ్డ చప్పుడు వినిపించలేదు. మ్యాపులు పుట్టకముందు ఎవరో వేసిన మట్టి గొట్టం, ఏళ్ళ తరబడి కారి నేలని డొల్ల చేసింది. నాలుగు గంటలకి ఆ గది గచ్చు పందొమ్మిది చాపలతో సహా కిందికి కూలిపోయింది. ఆవిడ గీతకీ ఆ గొట్టానికీ జానెడు తేడా లేదు.

సాయంత్రం ఆఫీసరు కాగితంతో వచ్చాడు. చొక్కా మీద చొంగ మరక అలాగే ఉంది. తెర నుంచి ఇంకా బొట్లు పడుతున్నాయి.

"మీ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు మేడమ్. పొద్దున్నే సంతకం పెట్టేశాను. పెట్టాక చించకూడదు, రూలు."

"తెలుసు సార్. ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. బేసిన్‌ని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, అది ఉన్న చోట కాగితాన్ని జాగ్రత్తగా పరిచాడు. బొట్టు మీద బొట్టు పడింది. ఆవిడకి సిరా కనబడలేదు గానీ, చప్పుడు మారడం వినబడింది.

"ఏమైంది సార్?"

"తడిసింది మేడమ్. మీ పేరు పోయింది, నా సంతకమూ పోయింది." ఆయన బేసిన్‌ని మళ్ళీ దాని చోట పెట్టాడు. "తడిసిన ఆర్డరు గురించి రూల్లో ఏమీ రాయలేదు."

సోమవారం తొమ్మిదిన్నరకి ఆవిడ మ్యాపుల గదిలో బేసిన్ తీసి బల్ల మీద పెట్టింది. తువ్వాలు వేసుకుంది. పదహారు రెట్లు చేసి, గీతలన్నీ వదిలేసి నలుపులోకి వెళ్ళింది.

"అమ్మాయ్, ఇవాళ ఎక్కడ తడి?" అన్నాడు ఫిట్టర్ బాబాయ్ గడప దగ్గర నుంచి.

"ఉండు బాబాయ్, ఇంకా దారి తప్పలేదు."