పూత మందు పోసే వేళ

నిబియా తన సంచీ తానే సర్దుకుంటోంది, కేకలు మాత్రం చెల్లెలి మీద. ఈత బట్టలు, రెండు తువ్వాళ్ళు, టీలా వేడినీళ్ళు పోసుకుని పీల్చే మాతే ఆకు పొట్లం, వేడినీళ్ళ ఫ్లాస్కు, అన్నిటికీ అడుగున ఒక ఊలు చొక్కా. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి ఉండడంతో జిప్పు లాగడం ఆమె వల్ల కాలేదు.

"ఇదొక్కటీ లాగవే," అంది.

జుల్మా లాగింది. లాగుతూ, అడుగు నుంచి తొంగిచూస్తున్న ఆ ఊలు చొక్కా వంక చూసింది. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఆ దేశంలో జనవరి అంటే నడివేసవి. దేశానికి ఆ చివరన ఉన్న సాల్తోలో ఎండకి రాళ్ళు పేలతాయంటారు. వేడినీటి ఊటల్లో చేతులు నానబెట్టుకోవడానికి వెళ్ళే మనిషికి ఊలు చొక్కా ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. అడగడానికి భయం వేసింది.

"ఎన్నాళ్ళుంటావక్కా?"

"వేళ్ళు వంగేదాకా."

"అంటే?"

"అంటే నా తలకాయ. ఏప్రిల్లో టూరిజం వారం సెలవులకి వచ్చేస్తాను. మొక్కలు కోసేది నేనే. నువ్వు కోస్తే కొమ్మతో పాటు కుండీ కూడా కోస్తావు."

పెరట్లో నాలుగు గంజాయి మొక్కలున్నాయి. చట్టం ప్రకారం ఇంటికి ఆరు పెంచుకోవచ్చు. నిబియా సర్కారు దగ్గర తన పేరు రాయించుకుని ఏటా నాలుగే పెంచేది. వాటి పూలు నూనెలో సన్నని సెగ మీద కాచి, తేనెమైనం కలిపి డబ్బాలకి ఎత్తేది. చలికాలంలో ఆ లేపనం రాసుకోకపోతే చొక్కా గుండీ కూడా పెట్టుకోలేదు.

"జాగ్రత్తగా విను," అంది నిబియా గుమ్మంలో నిలబడి. "పచ్చ సీసా మందు ఆకుకి. ఇప్పుడు పోస్తున్నది అదే. ఎర్ర సీసా పూతకి. తెల్ల వెంట్రుకలు కనపడగానే పచ్చది ఆపి ఎర్రది పొయ్యి. ఇంతే. చంటిపిల్లకైనా అర్థమవుతుంది."

తమ ఊరు మీనాస్ బస్టాండులో జుల్మా చెయ్యి ఊపింది. ఆ బస్టాండులో ఆమె చెయ్యి ఊపి పంపినవాళ్ళలో తిరిగొచ్చి దిగినవాళ్ళు తక్కువ. అయితే అక్క వస్తానంది. మొక్కల కోసమైనా వస్తుంది. ఇచ్చిన మాట కోసం వచ్చే మనిషి కాదు గానీ, మొక్కల్ని చెల్లెలి చేతుల్లో వదిలేసే మనిషి అంతకంటే కాదు. జుల్మా ఇంటికి నడుస్తూ ఆ మాట పట్టుకుంది. మొక్కలు పూస్తే అక్క వస్తుంది. పూయకపోతే రావడానికి ఇక్కడ ఏముంది.

డెబ్భై ఏళ్ళు వచ్చినా జుల్మా ఏనాడూ ఇంట్లో ఒంటరిగా పడుకుని ఎరగదు. ఆ రోజు నుంచే పెరటి దీపం ఆర్పడం మానేసింది.

జనవరి ఇంకా అయిపోలేదు, కొమ్మ కొమ్మకీ కణుపు దగ్గర రెండేసి తెల్లని నూలుపోగులు కనిపించాయి. జుల్మా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. వెంట్రుకలే. పచ్చ సీసా అటక మీద పెట్టేసి ఎర్ర సీసా మూత తిప్పింది. ఒక్క నీళ్ళపోతకి కూడా ఆలస్యం చేయలేదని తనని తానే మెచ్చుకుంది.

ఫిబ్రవరి వచ్చేసరికి కింది ఆకులు పసుపు తిరిగాయి. పై ఆకుల కొసలు బీడీ కొసల్లా మాడాయి.

పక్కింటి దార్దో గోడ మీద మోచేతులాన్చి, మాతే పీలుస్తూ చూశాడు. అతనిదీ ఇదే పిచ్చి. గోడకి అవతల అతనివి ఆరు మొక్కలు.

"జుల్మా గారూ, వీటికి ఏం పోస్తున్నారు, సబ్బు నీళ్ళా?"

"పూత మందు."

"పూత ఎక్కడుంది?"

"కళ్ళు లేవా? ఆ వెంట్రుకలు కనపడట్లేదూ?"

దార్దో నవ్వాడు. ఆ నవ్వుకే జుల్మాకి ఒళ్ళు మండింది. "అవి పూత కాదండీ. ఇది ఆడమొక్క అని చెప్పడానికి వేసే గుర్తు. పిల్ల పెద్దమనిషైందని తెలిసిన రోజే మీరు పురిటి కాయం మింగించారు. ఆకు పెరగాల్సిన వయసులో ఆకు తిండి ఆపేస్తే ఎండక ఏం చేస్తుంది?"

జుల్మా లోపలికెళ్ళి ఫోను చేసింది. అవతల నవ్వులు, పేకముక్కలు బల్ల మీద కొడుతున్న చప్పుడు, ఎవరో మగగొంతు.

"వెంట్రుకలంటే ఆ వెంట్రుకలు కాదే," అంది నిబియా.

"నువ్వు వెంట్రుకలనే అన్నావు."

"కొమ్మ చివర గుత్తులు కడతాయి చూడు, అవి. కుచ్చుల్లా."

"ఆ మాట చెప్పావా?"

"అదీ చెప్పాలా? నా పక్కనే ఉండి ఇన్నేళ్ళు ఏం చూశావు?"

"నన్ను మొక్క దగ్గరికి రానిచ్చావా ఏనాడైనా? నీళ్ళ బక్కెట్టు ముట్టుకున్నా చెయ్యి విదిలించేదానివి."

"అందుకే," అంది నిబియా. "ఎల్బియో, నీ ఆటే, వెయ్యి. ఆఁ, జుల్మా, మళ్ళీ పచ్చది పొయ్యి. తేరుకుంటాయి."

ఎల్బియో ఎవరని జుల్మా అడగలేదు.

పచ్చ సీసాతో మొక్కలు తేరుకున్నాయి. తేరుకోవడమేమిటి, బట్టలారేసే తీగ దాటి పోయాయి. ఫిబ్రవరి చివరికి దార్దో మొక్కలన్నిటికీ చివర్లు కుచ్చు కట్టాయి. జుల్మా మొక్కలు మాత్రం ఆకు మీద ఆకు వేస్తూ, పని లేని పెద్దమనుషుల్లా ఎత్తు పెరుగుతున్నాయి. రోజూ పొద్దున్నే కుర్చీ ఎక్కి చివర్లు చూసేది. ఏమీ లేదు. సాయంత్రం మళ్ళీ ఎక్కేది.

"ఎర్ర సీసా పోసెయ్యండి," అన్నాడు దార్దో. "మందు పడితే పూత అదే తన్నుకొస్తుంది."

"పొయ్యకు," అంది నిబియా ఫోనులో. "పూత లేనిదానికి పూత మందేమిటి? మళ్ళీ మాడుస్తావు."

"మరెప్పుడు పొయ్యనే?"

"పూసినప్పుడు."

"ఎప్పుడు పూస్తుంది?"

"నన్నడుగుతావేం? అక్కడుంది నువ్వు."

జుల్మా ఫోను పెట్టేసి, వంటింట్లోకి పోయి, చేతికి దొరికిన గరిటెని తొట్టిలోకి విసిరింది. ఒకడు పొయ్యమంటాడు, ఒకతె పొయ్యొద్దంటుంది. ఇద్దరికీ మాటలే, కుర్చీ ఎక్కి మెడ నొప్పి తెచ్చుకునేది తను. పైగా ఆ గరిటె కూడా తనే తీసి కడగాలి.

మర్నాడు దుప్పట్లు ఆరేయడానికి చోటు చాలక నాలుగో కుండీని ఇంకాస్త జరుపుదామని వెళ్ళింది. ఆ కుండీని అక్క వెళ్ళిన వారంలోనే, బట్టలకి అడ్డమని, మాంసం కాల్చే ఇటుక పొయ్యి వెనక్కి నెట్టేసింది. రోజూ నీళ్ళయితే పోస్తోంది గానీ అటు వంగి చూసింది లేదు. ఇప్పుడు చూస్తే ప్రతి కొమ్మ చివరా తెల్లని కుచ్చు. అదే మన్ను, అదే సీసా, అవే చేతులు.

సాయంత్రం దాకా అదే ఆలోచన. మసకపడ్డాక అలవాటుగా పెరటి దీపం వేసింది. వెలుగు మూడు కుండీల మీదా పరుచుకుంది. పొయ్యి గొట్టం నీడ సరిగ్గా నాలుగోదాని మీద పడింది. జుల్మా స్విచ్చి మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయింది.

దార్దోకి చెబితే నుదురు కొట్టుకున్నాడు. "రాత్రంతా వెలిగిస్తున్నారా? చీకటి పెరిగితేనే కదండీ దానికి వేసవి అయిపోతోందని తెలిసేది. ఆ వెలుతురులో అది ఇంకా నడివేసవే అనుకుంటోంది. అసలు దీపం ఎందుకు?"

"పిల్లి కోసం."

"మీకు పిల్లి లేదుగా."

"అందుకే వెతుక్కోవడానికి," అంది జుల్మా విసురుగా, తలుపు మూసుకుంది.

ఆ రోజు నుంచి దీపం ఆర్పి, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంది. నిద్ర పట్టిందని కాదు. మార్చి నడిమికి మిగతా మూడు మొక్కలూ చివర్లలో కుచ్చు కట్టడం మొదలెట్టాయి. ఈసారి జుల్మా తొందరపడలేదు. కుచ్చు కట్టాక కూడా కొమ్మలు కొన్నాళ్ళు సాగుతూనే ఉన్నాయి. సాగినంత కాలం పచ్చ సీసా కొంచెం కొంచెం తగ్గిస్తూ పోసింది. సాగడం ఆగి, కుచ్చులు దగ్గరపడి గుత్తులుగా లావెక్కుతున్నాయని వేలితో తడిమి రూఢి చేసుకున్నాక, ఎర్ర సీసా మూత తీసింది. మొదట సగం మోతాదు. ఒక్క ఆకు కొస కూడా మాడలేదు. పొయ్యి వెనక మొక్కకి ఆ మందు అప్పటికే పడుతోంది. అది అన్నిటికంటే ముందుంది.

సంతోషం పట్టలేక ఫోను చేసింది. అక్కడే పొరపాటు చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"టూరిజం వారానికి ఒక్కటే పండుతుందక్కా. మిగతా మూడూ మేలో."

అవతల పేకముక్కలు కలుపుతున్న చప్పుడు.

"అలాగైతే మేలోనే వస్తాలే," అంది నిబియా. "ఒక్క మొక్క కోసం అంత దూరం బస్సులో నడుం విరగ్గొట్టుకోవడం దేనికి?"

"మొక్క కోసమే కాదే..."

"ఇక్కడ సెలవుల్లో జనం కూడా బాగా వస్తారట. ఎల్బియో వాళ్ళ అన్న చేపలు కాలుస్తాడు. నా వేళ్ళు చూడు, ఇప్పుడు పేకముక్కలు నేనే పంచుతున్నాను, తెలుసా?"

"తెలీదు," అంది జుల్మా. "నేనెలా చూస్తాను?"

ఇంకా అనాలనుకుంది. ఆ దీపం ఒక్కటీ లేకపోతే నాలుగూ ఒక్కసారే పండేవని, నువ్వు లేక భయమేసి దీపం పెట్టుకున్నానని, అది చెప్పాలనుకుంది. అక్క అప్పటికే మాతేలో చక్కెర ఎక్కువైందని అక్కడ ఎవరితోనో చెబుతోంది.

మేలో చలి ముదిరింది. మీనాస్ చలి తన చేతులకి పడదని నిబియా అంది. "నువ్వే కోసెయ్యి. నెమ్మదిగా కోస్తే నీకూ వస్తుంది. రెండు డబ్బాలు బస్సు డ్రైవరుకివ్వు, నేను తీసుకుంటాను."

జుల్మా కోసింది. చీకటి గదిలో తలకిందులుగా కట్టి ఆరబెట్టింది, నూనెలో కాచింది, మైనం కలిపింది. లేపనం అక్క చేసినదానికంటే బాగా కుదిరింది. ఆ మాట ఫోనులో నిబియాయే ఒప్పుకుంది. ఒప్పుకోకపోతేనే బాగుండేదని జుల్మాకి అనిపించింది.

నిబియా ఆ ఏడాది టూరిజం వారానికి రాలేదు, మేలోనూ రాలేదు. మూడో ఏడు ఆగస్టులో సాల్తోలోనే పోయింది. మీనాస్‌కి మళ్ళీ రానేలేదు.