గొంతు మందు

శాసనసభ ఆవరణలోని చిన్న ఆసుపత్రిలో సాయంత్రమైతే నర్సుకు ఊపిరి సలపదు. పేదలకు ఉచిత ఆపరేషన్ల బిల్లు మీద గొంతు చించుకున్న సభ్యులు, ఏ పార్టీ వాళ్ళయినా, వచ్చి ఆమె ముందే నోరు తెరుస్తారు.

"బిల్లు ఏమైంది సార్?" మందు పూస్తూ ఒక పెద్దాయన్ని అడిగింది.

"మళ్ళీ వాయిదా పడిందమ్మా. రేపు ఇంకా గట్టిగా అరవాలి, కాస్త ఎక్కువ పుయ్యి."

ఒళ్ళు మండినా ఎక్కువే పూసింది.

ఇంటికి రాగానే మంచం మీది భర్త తలెత్తి చూశాడు. అతని గొంతులో గడ్డ తీసే ఆపరేషన్ ఆ బిల్లు కోసమే ఆగింది. మొదట్లో "ఇవాళైనా తేలిందా?" అని గుమ్మంలోనే అడిగేవాడు. ఇప్పుడు మాట పెగలదు, కళ్ళతోనే అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

తను బాగుచేసిన గొంతులన్నీ రేపటి అరుపులకు సిద్ధంగా ఉన్నాయి.