ఒకటింపావు అంగుళం

నేను ఒక ఇనప రింగుని. బాస్కెట్‌బాల్ దూరే రింగుని. సిమారు అని, సముద్రంలో ఆవగింజంత దేశం. దాని జాతీయ జట్టు పుట్టిన నెలలోనే నేనూ పుట్టాను. మరిచిపోవడం నాకు చేతకాదు.

నన్ను చేసింది ఎల్లాజీ. గాజువాక నుంచి ఆ దేశపు రేవుకి పైపులు అతకడానికొచ్చిన వెల్డరు. పద్దెనిమిది అంగుళాల రింగు కావాలన్నారు. పైపుల పనివాడు బయటి అంచు నుంచి కొలుస్తాడు. ఇతనూ అలాగే కొలిచాడు. దాంతో బంతి దూరే లోపలి ఖాళీ ఒకటింపావు అంగుళం తగ్గింది.

మొదటి పోటీకి పక్క పెద్ద దేశం వాళ్లొచ్చారు. బాస్కెట్‌బాల్ సంఘం అధ్యక్షుడు బెర్నాదో, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా మనిషి, వాళ్ల ముందే నాకు టేపు పెట్టించాడు. "కొలత రానివాడి చేతిలో దేశం పరువు పెట్టాం," అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను పీకించి ఎల్లాజీ కాళ్ల దగ్గర పడేయించాడు. కొత్త రింగు బిగించి ఆడినా మావాళ్లు తొంభై పాయింట్ల తేడాతో ఓడారు. అదీ ఎల్లాజీ నెత్తినే రుద్ది, మళ్లీ మైదానం గేటు దాటొద్దన్నాడు.

ఎల్లాజీ నన్ను మోసుకెళ్లి తన షెడ్డు గోడకి బిగించాడు. జట్టు కెప్టెన్ తొమాసు, రేవులో మూటలు మోసేవాడు, ఓదార్చబోయాడు.

"ఓదార్పులొద్దురా. రేపట్నించి పనయ్యాక అందర్నీ ఇక్కడికి అట్టుకొచ్చీ. ఈ ఇరుకులో దూరిన బంతి ఏ రింగులోనైనా దూరిపోద్ది."

"ఎన్నాళ్లు మేస్త్రీ?"

"ఆ బెర్నాదోగాడు నా ముందు తల దించినదాకా."

నాలుగేళ్లు నన్ను బంతులతో బాదారు. ఒక్క దెబ్బకీ నేను కనికరించలేదు. అంచుకి తగిలినదాన్నల్లా బయటికే నెట్టాను. మళ్లీ ఆ పెద్ద దేశం వచ్చినప్పుడు, అసలు రింగు మావాళ్లకి బావి అంత కనిపించింది. ఒక్క పాయింటుతో గెలిచారు. గేటు బయట నిలబడి ఎల్లాజీ ఆ కేకలు విన్నాడు.

మనుషుల లెక్క విచిత్రం. ఓడితే తప్పు రింగుది, గెలిస్తే గొప్ప కుర్చీది. కప్పు బెర్నాదో ఎత్తుకున్నాడు. ఎల్లాజీ పేరైనా ఎత్తలేదు. రెండేళ్లకి ఎల్లాజీ ఆ కోపంతోనే పోయాడు.

ఇప్పుడు నేను మ్యూజియం గోడ మీదున్నాను. కావాలనే నన్ను ఇరుకుగా చేయించాడన్నట్టు, 'అధ్యక్షులవారి ముందుచూపు' అని నా పక్కన పలక. తొమాసు పోట్లాడి, నా కింద ఎల్లాజీ ఫొటో ఒకటి పెట్టించాడు.

నిన్న గెలుపు రోజు పండగ. బెర్నాదో ఫొటోలకని నా కింద నిలబడ్డాడు. వానకి పైకప్పు కారుతోంది. ఎన్నాళ్ల తుప్పో కూడబెట్టుకున్నాను; ఎర్రగా, నింపాదిగా, ఆ తెల్లచొక్కా మీద వదిలాను.

మరక చూసుకోడానికి తల దించాడు.

సరిగ్గా నీ ముందే, ఎల్లాజీ.