దుమ్ముకు కప్పిన చీర

"గాలి మళ్ళా లేసిండాది. ఆ మిషన్లోకి దుమ్ము పోయిందంటే నీ ఉద్యోగం పోతాది పాపా."

పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతూ అంది ఏసుమణి. మహిమ జడ వేసుకుంటోంది. తల్లి భయాలకు బదులివ్వడం ఆ పిల్ల ఎప్పుడో మానేసింది. ఒకదానికి చెబితే దాని వెనకే ఇంకొకటి వస్తుంది.

కల్లూరులో వాళ్ళ వీధి చివర బండలు పాలిష్ పట్టే షెడ్లున్నాయి. తెల్లటి పొడి తలుపు సందుల్లోంచి దూరి తాగే నీళ్ళ మీద కూడా తేలుతుంది. అందుకే ఏసుమణి ఇంట్లో మూత లేని వస్తువు ఉండదు. బిందె మీద గుడ్డ, బియ్యం డబ్బా మీద గుడ్డ, బైబిలు మీద గుడ్డ. మొగుడు సుందరం బేతంచెర్లలో బండలు కోసే మిషను దగ్గర బతుకంతా పనిచేసి, ఆ పొడి పీల్చే పోయాడు. బతికుండగా ఆసుపత్రిలో డాక్టరు అతని ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపిస్తే రొమ్ము నిండా పిండి చల్లినట్టు కనబడింది. అప్పట్నుంచి ఆమె అతని ముక్కుకు తడిగుడ్డ కట్టేది.

మహిమ ఉద్యోగం చేసేది చుట్టుపక్కల ఆసుపత్రుల ఎక్స్‌రేలను కంప్యూటర్లలో దాచిపెట్టే ఆఫీసులో. అక్కడ ఊడ్చే పనికి ముందు చేరింది ఏసుమణే. డిప్లొమా అయ్యాక కూతురికి అక్కడే పని దొరికితే, ఆ రోజే ఒట్టు వేయించుకుంది. "ఊడ్చేదాని కూతురని తెలిస్తే నిన్ను పర్మినెంటు చెయ్యరు. ఆడ నేనెవరో నువ్వెవరో." అక్కడ కూతుర్ని మేడం అనే పిలుస్తుంది. ఇద్దరూ వేరువేరుగా పోతారు.

ఒకసారి అందరూ భోజనాలకు పోయినప్పుడు మహిమ ఎక్స్‌రేలు దాచే ఇనప పెట్టెను తల్లికి చూపించింది. "ఇవి డిస్కులు మా. బొమ్మలన్నీ వీటిలో పంచిపెట్టి ఉంటాయి. ఈ రెండూ కంట్రోలర్లు, యాడ రాయాల్నో యాడ చదవాల్నో చెప్తాయి. కరెంటిచ్చేవి కూడా రెండు. ఇది బ్యాటరీ, ఉన్నట్టుండి కరెంటు పోతే చేతిలో పని పారబోసుకోకుండా. ఈ చివరి డిస్కు ఊరికే కూర్చోనుంటాది. ఏదన్నా చస్తే దాని పని ఎత్తుకుంటాది."

"మరి దుమ్మొస్తే?"

వెనకున్న ఫ్యాన్ల గురించి చెప్పేలోగా ఎవరో లోపలికి వచ్చారు. ఏసుమణి చీపురు అందుకుంది.

ఆ మరుసటి రోజు నుంచి, సాయంత్రం గది ఊడ్చి పోతూ పోతూ, సుందరం కొనిచ్చిన నేతచీరను రెండు మడతలు పెట్టి పెట్టె ముందువైపు నిండా కప్పేది. పొద్దున్నే అందరికంటే ముందు పోయి తీసేసేది. ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు ఆఫీసు తెరిచే వేళ ఇంకా కాకముందే, సంగటి దించేలోగా మహిమ ఫోను మోగింది. విన్నాక ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. జడ సగంలో వదిలేసి ఆటో కోసం పరుగెత్తింది. "ఏమైంది పాపా?" అని వెనక నుంచి అరిచినా తిరగలేదు. ఏసుమణి సంగటికి మూత పెట్టి, కాళ్ళీడ్చుకుంటూ బయలుదేరింది.

ఆమె పోయేసరికి పెట్టె ఆగకుండా కీచుమంటోంది. దీపాలన్నీ ఆకుపచ్చగా ఉంటే ఒక్కటి మాత్రం నారింజ రంగులో వెలుగుతోంది. మేనేజరు రాఘవేంద్రప్రసాద్ చేతిలో చీర ఉంది.

"నిన్న బయటి తలుపుకు తాళం వేసింది నువ్వే గదా మహిమా? మిషన్‌కు చీర పెడతామని మొక్కుకున్నారా ఎవరన్నా?"

మహిమ ఆ చీర అంచును గుర్తుపట్టింది. పోయి కంప్యూటరు తెర ముందు కూర్చుంది.

"ముందు నుంచి గాలి పీల్చి వెనక్కు వదలాల అది. రాత్రంతా దాని ముక్కు మూసిపెట్టినారు. కాగి కాగి ఒక డిస్కు చచ్చింది. పోయిందంతా చివరి డిస్కు ఇప్పుడు మళ్ళా రాసుకుంటాండాది. అది అయ్యేలోగా ఇంకొకటి పోతే ఒక్క బొమ్మ మిగలదు. పైవాళ్ళకు ఏం రాయాల నేను? మహిమ నిర్లక్ష్యమనే రాస్తా."

ముక్కు మూసిపెట్టినారు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ ఏసుమణి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆఖరి రోజుల్లో సుందరం తడిగుడ్డను చేత్తో లాగేసుకునేవాడు. తాను మళ్ళీ కట్టేది. మళ్ళీ లాగేవాడు.

"నేనే కప్పినా సార్," అంది. "మేడంకు తెల్దు."

రాఘవేంద్రప్రసాద్ ఆమెను ఎగాదిగా చూశాడు. తిట్టే ఓపిక కూడా లేనట్టు చీరను కుర్చీ మీద పడేశాడు. "ఇంక రావద్దులేమ్మా నువ్వు."

ఏసుమణి చీపురును ఎప్పుడూ పెట్టే మూలనే ఆనించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. గడప దాకా పోయి తిరిగింది.

"మేడం, మిగతావి నిలబడతాయా?"

మహిమ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. పెట్టె కీచును అప్పటికే ఆపేశారు. ఫ్యాన్ల హోరొక్కటే మిగిలింది. మేనేజరు కాగితం మీద ఏదో రాయడం మొదలుపెట్టాడు. ఏసుమణికి బదులు రాని మాటలు కొత్త కాదు. మెట్టు మీద కాలు పెట్టింది.

"నిలబడతాయి, అమ్మా."

మేనేజరు కలం ఆగింది. తలెత్తి కూతురి వంక, తర్వాత తల్లి వంక చూశాడు. మహిమ తెర వంక చూస్తూనే, అందరికీ వినబడేలా అంది. "సంగటి మూత తియ్యొద్దు. వచ్చి తింటా."

ఏసుమణి మెట్లు దిగిపోయింది. చీర కుర్చీ మీదే ఉండిపోయింది. పెట్టె వెనక నుంచి వచ్చే వెచ్చని గాలికి దాని అంచు లేస్తూ, పడుతూ ఉంది.