మోకాలెత్తు మొద్దులు

ఆ రోజు తెమలాల్సిన పనులు: తుప్పు పట్టిన సర్వే గొలుసుకు నూనె రాయాలి. పదిహేడు హద్దు గూటాలు చెక్కించి బస్తాలో వేసుకోవాలి. సర్వేయరుకు మంచినీళ్ళూ గొడుగూ మోయాలి. ఆ ఊరి ముసలి పెద్దమ్మను కొండ మీదికి నడిపించాలి. సాయంత్రం అయిదులోగా ఆ వాలులో ఆమె భూమి సాగుభూమేనని కాగితం మీద పడాలి. పడకపోతే రేపటి జాబితాలో అది ఖాళీ భూమి. ఎల్లుండి దాని మీద గని కంపెనీ యంత్రాలు.

గొలుసాయన ఇరవై ఆరేళ్ళుగా సర్వే ఆఫీసులో గొలుసు లాగుతున్నాడు. కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది గాని, ఒక్క లింకు అటో ఇటో అయిందన్న మాట మాత్రం ఎన్నడూ పడలేదు. ఆ రోజు పొద్దు అతని తిట్లతోనే మొదలైంది. వడ్రంగి పదహారు గూటాలే ఇచ్చాడు. జీపు వాగు దగ్గరే మొరాయించింది.

పెద్దమ్మకు ఎనభై దాటాయి. చేతిలో పొట్టి కర్రతో, నడుములోతు పొదల్ని తప్పించుకుంటూ అందరికంటే ముందు నడిచింది. ఒక మొద్దు పక్కన కర్ర నిలబెట్టింది. రెండూ సరిగ్గా ఒకే ఎత్తు. మొద్దు చుట్టూ బొటనవేలి లావు కొత్త కొమ్మలు గుంపుగా లేచి ఉన్నాయి.

"మోకాలెత్తున నరుకుతాం బాబూ. అడుగంటా నరికితే చెట్టు చస్తుంది. మూడేళ్ళు పండించి, పన్నెండేళ్ళు నేలను పడుకోబెడతాం. నేల పడుకుని ఇది రెండో ఏడు."

"మరి కర్రెందుకు అవ్వా?" అన్నాడు సర్వేయరు.

"నా మోకాలు వంగిపోయింది. కర్ర వంగలేదు."

సర్వేయరు నవ్వాడు. చిన్నవాడు, మంచివాడే. కాని అతని ఫారంలో ఉన్నవి మూడే గళ్ళు: పైరు, చెట్లు, ఖాళీ.

"పైరేదీ? అన్నీ పొదలేగా."

"నిద్రపోయేవాణ్ణి చూసి చచ్చాడని రాసుకుంటారా?" అంది పెద్దమ్మ.

గొలుసాయనకు ఓపిక నశించింది. "అయ్యా, ఇలాంటి మొద్దులు నూట నలభై ఉన్నాయి. దానంతటది మొలిచిన అడివి ఇలా ఒకే ఎత్తున తెగుతుందా?"

సర్వేయరు నిబంధనల పుస్తకం తిరగేశాడు. డెబ్బై దాటిన సాక్షి ఆ నేల మీదే చెప్పి వేలిముద్ర వేస్తే సాగుభూమి అని రాయవచ్చు. దానికి వేరే ఫారం. అది జీపులో ఉంది.

గొలుసాయన దిగాడు, తెచ్చాడు. తీరా చూస్తే ఇంకుప్యాడు లేదు.

"ఒకేసారి చెప్పి ఏడవచ్చుగా!" అని గొణిగాడు, సర్వేయరుకు వినబడేలాగే.

"వెళ్ళరా నాయనా, కాళ్ళున్నాయి కదా" అంది పెద్దమ్మ, మొద్దుకు చేరగిలబడుతూ. "నేనెక్కడికి పోతాను?"

రెండోసారి ఎక్కి వచ్చేసరికి మూడు దాటింది. సర్వేయరు ఆమెకు గొడుగు పట్టి నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడే కునుకు పట్టింది, లేపకు" అన్నాడు మెల్లగా.

గొలుసాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"నిద్ర కాదయ్యా."

సర్వేయరు గొడుగు దించలేదు. "సాక్షి బతికుండాలని రాసి ఉంది పెద్దాయనా" అన్నాడు.

"మనిషి ఉన్నప్పుడు ఇంకు లేదు. ఇంకు వచ్చేసరికి మనిషి లేదు. ఆమె చెప్పింది మీరు చెవులారా విన్నారా లేదా? మాట వేళకే వచ్చిందయ్యా. వేలే ఆలస్యమైంది."

సర్వేయరు ఎదుటి కొండకేసి తిరిగి నిలబడ్డాడు. గని తవ్వకాలతో అది నిరుడే తోలు ఒలిచినట్టు ఎర్రగా అయింది. గొలుసాయన ఎండిపోయిన ప్యాడు మీద సీసాలోని నీళ్ళు చిలకరించాడు. పెద్దమ్మ బొటనవేలు అద్ది, కాగితం మీద ఆనించాడు. ఇరవై ఆరేళ్ళలో అతను తప్పిన లింకు అదొక్కటే. సర్వేయరు ఇటు తిరిగి, సాగుభూమి అని రాసి, సమయం గడిలో ఆమె ఆ మాట చెప్పిన వేళ, పదకొండున్నర, వేశాడు.

హద్దులు పాతకుండా దిగితే ఆమె ఊరుకునే మనిషి కాదు. పక్కనే గొడుగు నీడలో ఆమెను పడుకోబెట్టి, ఇద్దరూ గొలుసు లాగారు. పదహారు గూటాలూ దిగాయి. చివరి మూల మిగిలింది. గొలుసాయన ఆమె చేతిలోంచి కర్ర తీసి అక్కడ దిగ్గొట్టాడు.

ఎప్పుడైనా మీరు పొదల్లో మోకాలెత్తున నరికిన మొద్దును చూస్తే, ఖాళీ అనే ముందు ఆ పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆ వాలులో పదిహేడో హద్దు గూటం ఇప్పటికీ ఆమె కర్రే. పై కొన ఆమె అరచేతి రాపిడికి నున్నగా మెరుస్తుంటుంది.