అద్దె రోగులు

ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే చాలు, కోరుట్లలోని ఆ ప్రైవేటు నర్సింగ్ కాలేజీ పెళ్ళివారిల్లులా ముస్తాబవుతుంది. కాలేజీ ఆసుపత్రిలో ఏడాదంతా ఖాళీగా ఉండే మంచాలకు కొత్త దుప్పట్లు వస్తాయి. వాటి మీదికి రోగులూ వస్తారు, దగ్గర్లోని ఇబ్రహీంపట్నం నుంచి వ్యానులో! అంతా పసుపు చేలల్లో పనిచేసే కూలీలు. పడుకుని మూలగడమే ఆ రోజుకి వాళ్ళ కూలి పని. సిగ్గులేని నాటకం.

సిరిసిల్లలో మరమగ్గం నడిపే భూమయ్య కూతురు సంధ్యకు ఇది చివరి ఏడాది. ఇన్నాళ్ళూ ఆమె బీపీ చూసింది తోటి అమ్మాయిలకే.

"ఎవలన్న నోరు జారితే సర్టిఫికెట్లు నా బీరువల్నే ఉంటయి," అని ప్రిన్సిపాల్ ప్రేమ్‌కుమార్ పొద్దున్నే బెదిరించాడు.

ఇన్‌స్పెక్షన్‌కి హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం అమ్మాయిలందరినీ అడిగింది. "మీ చదువుతో తృప్తిగా ఉన్నారా?"

"ఉన్నం మేడం!" ముందే వల్లె వేయించిన జవాబు.

"సరే, నువ్వు ఈమెకు బీపీ చూడమ్మా," అంది సంధ్యతో.

మంచం మీద సారక్క అనే పెద్దావిడ. సంధ్య పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదిలింది. నూట ఇరవై దగ్గర వినపడాల్సిన చప్పుడు, ముల్లు రెండువందల దగ్గర ఉండగానే స్టెతస్కోపులో మొదలైంది. మళ్ళీ చూసింది. మళ్ళీ అంతే.

"తలకాయ నొస్తుందా అవ్వా?" గుసగుసగా అడిగింది.

"పొద్దుగాలకెళ్ళి పగులుతుంది బిడ్డా. కండ్లు మసకలొస్తున్నయి. పండుకునుడే గదా అని అచ్చిన."

"నార్మల్ అని చెప్పు," వెనక నుంచి ప్రేమ్‌కుమార్ పళ్ళు కొరికాడు.

సంధ్య ముల్లు వంక చూసింది. తన చెవులే తప్పేమో! సరిగ్గా నేర్పి ఉంటే ఈ అనుమానం వచ్చేదా? ఊరుకుంటే ఈ అవ్వ దారిలోనే కుప్పకూలవచ్చు. నోరు విప్పితే చదువు గంగలో కలుస్తుంది. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"మేడం, జర మీరు చూడుండ్రి. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. రోగుల దగ్గర మాకు ఎవలు నేర్పలే. గీ అవ్వను సుత పొద్దుగాల వ్యాన్ల తెచ్చిండ్రు."

ప్రేమ్‌కుమార్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. మేడం తానే స్టెతస్కోపు పెట్టి చూసింది.

"నువ్వు సరిగ్గానే చూశావు. డాక్టర్‌ని పిలవండి, త్వరగా!"

ఎవరూ కదల్లేదు. మూలన నిలబడ్డ తెల్లకోటాయన తల దించుకున్నాడు. "నేను ఆఫీసు క్లర్కును మేడం."

సంధ్య బయటికి పరుగెత్తి ఆటో తెచ్చింది. గవర్నమెంటు దవాఖానకు పోతుంటే సారక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నర్సమ్మవా బిడ్డా నువ్వు?"

"ఇంక కాలే అవ్వా," అంది సంధ్య. "ఇగ అయితనో కానో సుత తెల్వది."